ఏడో అధ్యాయం: నగ ఒక్క మాటకే

"పాతకాలం లుక్ రావాలి బాబూ. చూడగానే మా అమ్మమ్మ నాటి జాడీ గుర్తుకు రావాలి" అంది ఆవిడ. పచ్చళ్లు పెట్టి అమ్మే మనిషి, గుంటూరు దగ్గర ఊరు. అప్పటిదాకా ఇంట్లో ప్రింటర్‌లో తీసిన కాగితాలే సీసాలకు అంటిస్తోంది. ఇప్పుడు ఆ సీసాలు హైదరాబాద్‌కూ, అక్కణ్ణుంచి పిల్లల సూట్‌కేసుల్లో అమెరికాకూ వెళ్తున్నాయి. అందుకని తెలుగుతో పాటు ఇంగ్లిషులోనూ పేరుండాలంది. ఆ రాత్రి కూర్చుని, 'వింటేజ్' అన్న మాట కింద దొరికిన ఫాంట్లన్నీ తిరగేసి, తీగలూ మెలికలూ అన్నిటికన్నా ఎక్కువున్నదాన్ని తీసుకున్నాను. సరుకు పేరుకూ అదే, కింద రెండు ముక్కల వాక్యానికీ అదే, తూకానికీ ధరకూ అదే. చుట్టూ పూల అంచొకటి. మర్నాడు ఆవిడ ఆ కాగితాన్ని పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "బాగానే ఉంది గానీ బాబూ, ఇది మా ఇంట్లోది కాదు" అంది.

నిజమే చెప్పింది. నేను పెట్టింది పాతదే, కానీ ఎవరి పాత? లండన్ వీధి గోడల మీద పోస్టర్లకు పుట్టిన అక్షరాన్ని తెచ్చి ఆవకాయ సీసాకు అంటించాను. పాతకాలం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ మాటలో అయిదు వందల ఏళ్లున్నాయి, వేర్వేరు ఊళ్లున్నాయి, ఒకదానికొకటి పొసగని అవసరాలున్నాయి. ఆ తేడా కంటికి తెలియనంతకాలం మనం ఎంచుకోవడం లేదు, ఎదురుపడ్డదాన్ని తీసుకుంటున్నాం. ఈ అధ్యాయం ఆ తేడా పట్టుకునే చూపు గురించి. ఇది డిజైనర్లకే అనుకోకండి. కొట్టుకు బోర్డు పెట్టేవాళ్లకూ, పెళ్లికార్డు వేయించేవాళ్లకూ, సంఘం సావనీరు బాధ్యత నెత్తిన పడ్డవాళ్లకూ ఈ చూపుతో పనుంది.

ఇంగ్లిషు అక్షరంలో గీత ముగిసే చోట కనిపించే చిన్న పాదాన్ని సెరిఫ్ అంటారు. రోమ్‌లో క్రీ.శ. 113 నాటి ట్రాజన్ స్తంభం కింద చెక్కిన శాసనంలో ఈ పాదాలు నేటికీ స్పష్టంగా ఉన్నాయి. ఉలి వల్లే అవి వచ్చాయని చాలాకాలం చెప్పుకున్నారు. అమెరికాలో ఎడ్వర్డ్ కాటిచ్ అనే క్యాథలిక్ మతగురువు మాత్రం, శాసనం చెక్కకముందు రాతి మీద చదును కుంచెతో రాసుకున్నారనీ, కుంచెను ఆపేటప్పుడు తిప్పే తీరులోంచే ఆ పాదం పుట్టిందనీ 1968లో పుస్తకం రాసి వాదించాడు. ఆయన యవ్వనంలో చికాగోలో సైన్ బోర్డులు రాసినవాడు. పండితులకు తట్టనిది ఆయనకు తట్టడానికి కారణం, చేతిలో కుంచె పట్టిన అనుభవం. నాకు ఈ సంగతి చాలా ఇష్టం. అక్షరాన్ని అర్థం చేసుకోవాలంటే దాన్ని ఒక్కసారైనా చేత్తో గీయాలని నేను ఈ పుస్తకమంతా పోరుపెడుతున్నది అందుకే.

ఇక రెండో సంగతి. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివించే అక్షరం వేరు, శీర్షికగా నిలబడే అక్షరం వేరు. చదివించే అక్షరం తొమ్మిది పాయింట్ల నుంచి పన్నెండు పాయింట్ల మధ్య ఉంటుంది, అది కంటికి అడ్డు రాకూడదు. శీర్షిక అక్షరాన్నే డిస్‌ప్లే అంటున్నాం. అది కంటిని ఆపాలి. సీసపు అచ్చుల కాలంలో ప్రతి సైజుకూ అచ్చును విడిగా చెక్కేవాళ్లు. చిన్న సైజులో గీతల్ని కాస్త లావు చేసేవాళ్లు, పెద్ద సైజులో సన్నం చేసేవాళ్లు. కంప్యూటర్‌లో ఆ ఇబ్బంది లేదు, ఒకే బొమ్మను ఎంతకైనా లాగొచ్చు. మన కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతున్నాయి. డెబ్బై రెండు పాయింట్లకు గీసిన సొగసైన అక్షరాన్ని ఎనిమిదికి కుదిస్తే, దాని సన్నగీత వెంట్రుక కన్నా పలచనైపోతుంది.

ఈ సన్నగీతకు ఒక కథుంది. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యాలు అచ్చేసేటప్పుడు అక్షరం ఒక్కటే మార్చి ఊరుకోలేదు. నున్నటి కాగితం తెప్పించాడు, అచ్చయిన కాగితాన్ని వేడి పలకల మధ్య నొక్కాడు. అంత జాగ్రత్త పడితేనే ఆ సన్నదనం కాగితం మీద నిలిచింది. ఆ తర్వాత పార్మాలో బొడోనీ, పారిస్‌లో డీడో కుటుంబం సన్నగీతను ఇంకా సన్నం చేశారు, లావుగీతను ఇంకా లావు చేశారు. ఇవాళ మన పెళ్లికార్డుల మీద కనిపించే ఖరీదైన అక్షరాలకు మూలం అక్కడుంది. సన్నగీత అందం కాగితంతో కలిసి పుట్టింది. కాగితం మారితే ఆ అందం ఉండదు.

ఈ సంగతి నాకు నష్టపోయాక తెలిసింది. ఒక దుకాణానికి చేతిసంచుల కోసం గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించాం. బొడోనీ జాతి అక్షరం, చిన్న సైజు. కాగితం గరుకు, సిరా పీల్చుకుంది. 'హోమ్‌మేడ్' అన్న ఇంగ్లిషు మాటలో మొదటి హెచ్‌కు మధ్య ఉండే అడ్డగీత మాయమై, రెండు నిలువు కర్రలు మిగిలాయి. రెండు వేల సంచులు. తప్పు ప్రింటర్‌ది కాదు, ఆయన ప్రూఫ్ చూడమని కబురు పంపాడు. నేను కంప్యూటర్ తెర మీద చూసి సరేనన్నాను. అప్పటినుంచి ఏ అక్షరమైనా, అది వెళ్లబోయే కాగితం మీదే, వెళ్లబోయే సైజులోనే, వెళ్లబోయే పద్ధతిలోనే ఒక్క ప్రతి తీయించి చేతిలో పట్టుకున్నాకే సరేనంటున్నాను. బంగారు ఫాయిల్ అయితే ఇంకో చిక్కు: సన్నగీత విరుగుతుంది, లేకపోతే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. యాక్రిలిక్ అక్షరాల్లో ఎల్ఈడీ పెట్టే బోర్డుకు సన్నటి పాదాలు అసలు పనికిరావు, లోపల దీపం పట్టాలంటే గీతకు వెడల్పుండాలి.

అలాంటి చోట్లకు పుట్టిన అక్షరాలు లేకపోలేదు. వాటి పుట్టుక లండన్‌లో ఫాన్ స్ట్రీట్ అనే వీధిలో చాలావరకు కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ రాబర్ట్ థోర్న్ అచ్చుల కార్ఖానా నడిపేవాడు. లాటరీలు, నాటకాలు, గుర్రపుబళ్ల సర్వీసులు అన్నీ గోడలకెక్కిన రోజులవి. పుస్తకపు అక్షరం ఎంత పెద్దది చేసినా వీధికి చాలడం లేదు. బొడోనీ తరహా అక్షరంలో లావుగీతను ఊదినట్టు ఉబ్బించి, సన్నగీతను అలాగే ఉంచితే వచ్చింది ఫ్యాట్ ఫేస్. దాన్ని మొదలుపెట్టినవాడిగా థోర్న్ పేరే చెబుతారు. 1820లో ఆయన పోయాక కార్ఖానాను విలియం థొరోగుడ్ కొన్నాడు. ఆ డబ్బు ఆయనకు లాటరీలో తగిలిందంటారు. లాటరీ పోస్టర్లు పెంచిన అక్షరాలను లాటరీ సొమ్మే కొన్నట్టయింది. అదే కార్ఖానాలో తర్వాత భాగస్వామి అయిన రాబర్ట్ బెస్లీ 1845లో క్లారెండన్ తెచ్చాడు. పాదాలు మందంగా ఉంటాయి, కానీ నిలువుగీతను మెత్తటి వంపుతో కలుసుకుంటాయి. మామూలు వాక్యాల మధ్య ఒక్క మాట ఎత్తి చూపడానికి, నిఘంటువుల్లో అర్థానికి ముందు వచ్చే మాటల్లాంటి చోట్ల, దాన్ని వాడారు. డిజైన్ రిజిస్టర్ చేయించాడు గానీ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా కార్ఖానాలన్నీ తమ తమ క్లారెండన్‌లు పోతపోసుకున్నాయి.

అట్లాంటిక్ అవతల చెక్క అక్షరాలు వచ్చాయి. అడుగెత్తు అక్షరాన్ని సీసంతో పోస్తే బరువు, ఖర్చు, పైగా చల్లారేటప్పుడు ముఖం ఎగుడుదిగుడవుతుంది. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో చెక్కను తొలిచే యంత్రం వాడి, మరుసటేడు చెక్క అక్షరాల జాబితా పుస్తకం విడుదల చేశాడు. మేపుల్ కలపను అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కితే అంచులు విరగవు. విలియం లెవెన్‌వర్త్ 1834లో పాంటోగ్రాఫ్‌ను జతచేశాక, ఒక్క నమూనా గీసి దాన్ని ఎన్ని సైజుల్లోనైనా, ఎంత సాగదీసైనా చెక్కే వీలొచ్చింది. మనం కౌబాయ్ సినిమాల్లో చూసే, పాదాలు చేప తోకల్లా చీలిన అక్షరాలు ఈ చెక్కలోంచి దేశమంతా పాకాయి. విస్కాన్సిన్‌లోని టూ రివర్స్‌లో హామిల్టన్ చెక్క అక్షరాల మ్యూజియం ఉంది. పాత అక్షరాల పెట్టెలను అక్కడ ఇప్పటికీ తెరిచి చూపిస్తారు.

ఇంకో దారి మెత్తటిది. చికాగోలో ఆస్వాల్డ్ కూపర్ 1922లో గీసిన కూపర్ బ్లాక్‌కు ఎక్కడా మొనలుండవు. పాదాలు కూడా కరిగి గుండ్రమయ్యాయి, బాగా ముగ్గిన పండులా ఉంటుంది. బీచ్ బాయ్స్ బృందం 1966 నాటి 'పెట్ సౌండ్స్' ఆల్బమ్ అట్ట మీద ఉన్నది ఇదే. షెఫీల్డ్‌లో పుట్టిన విండ్సర్ కూడా ఈ మెత్తని జాతిదే. వుడీ ఆలెన్ సినిమా టైటిళ్లలో ఏళ్ల తరబడి దాన్నే చూశాం. 1970లలో ఫోటో పద్ధతి బాగా పాకాక అచ్చుకు సీసపు దిమ్మె లేకుండా పోయింది కాబట్టి అక్షరాలను ఒకదాని మీదికి ఒకటి జరపగలిగారు. తోకలు పొడుగయ్యాయి, ఖాళీలు బిగిశాయి. ఎడ్ బెంగ్వియాట్ ఆ దశకంలో గీసిన అక్షరమే 2016లో 'స్ట్రేంజర్ థింగ్స్' టైటిల్‌కు ఎక్కింది. దాన్ని చూడగానే 1980ల నాటి దయ్యాల నవలల అట్టలు గుర్తొచ్చాయి ప్రేక్షకులకు. సరిగ్గా అందుకే పెట్టారు కూడా.

ఇదంతా పేర్లు బట్టీ పట్టడానికి చెప్పలేదు. ఈ నెల రోజులు ఒక పని చేయండి. ఇంకా పేరెత్తని పాతతరం పుస్తకపు అక్షరం కాస్లన్, దాంతో పాటు బొడోనీ, క్లారెండన్, కూపర్, ఈ నాలుగు జాతుల్లో పెద్ద ఆర్ అక్షరాన్ని అరచేతంత సైజులో ప్రింటు తీయండి. పైన ట్రేసింగ్ పేపర్ వేసి రోజుకొకటి పెన్సిల్‌తో గీయండి. గీసేటప్పుడు పాదం నిలువుగీతను ఎలా కలుసుకుంటోందో చూడండి: వంపుతో జారుతోందా, అడ్డంగా తాకుతోందా? లావుకూ సన్నానికీ ఎంత తేడా ఉంది? ఇంగ్లిషు 'ఓ' అక్షరాన్ని కూడా గీస్తే, సన్నబడే చోటు సరిగ్గా పైనా కిందా ఉందా, పక్కకు ఒరిగిందా? ఒరిగితే కలం పట్టిన చేతి గుర్తు ఇంకా అందులో ఉందన్నమాట, కాస్లన్‌లో ఉంటుంది. నిటారుగా ఉంటే బొడోనీ వైపు వచ్చేశాం. వారం తిరిగేసరికి బజారులో బోర్డుల మీద ఇవే కనిపించడం మొదలవుతుంది. చెప్పకుండానే కన్ను పోల్చుకుంటుంది. ఆ రోజు మీకు కలిగే సంతోషం ఎవరికీ చెప్పి ఒప్పించగలిగేది కాదు.

మళ్లీ ఆవకాయ దగ్గరికొద్దాం. ఆవిడ ఇది మా ఇంట్లోది కాదు అన్నాక నేను చేయాల్సిన మొదటి పని, ముందే అడగాల్సిన ప్రశ్న అడగడం. "మీ అమ్మమ్మ గారి జాడీ ఎలా ఉండేదమ్మా?" కింద గోధుమరంగు, పైన తెలుపు, మూతికి కట్టిన గుడ్డ, గుడ్డ మీద పసుపు మరక. జాడీ మీద అక్షరమే లేదు! ఆవిడ అడిగిన పాతదనం గుండ్రదనంలో ఉంది, మెత్తదనంలో ఉంది. విక్టోరియా రాణి కాలపు తీగల్లో లేదు. ఎవరైనా వింటేజ్ కావాలంటే వెంటనే ఫాంట్ల జాబితా తెరవకండి. వాళ్లు తలుచుకుంటున్న వస్తువేమిటో అడగండి. ఇరానీ హోటల్ పాలరాతి బల్ల తలుచుకునేవాళ్లకూ, తాతగారి గ్రామఫోను పెట్టె తలుచుకునేవాళ్లకూ ఒకే అక్షరం ఇవ్వలేం.

తెలుగు పేరుకు సెరిఫ్ వెతకడం మానేశాను. మన అక్షరానికి పాదం లేదు, తలకట్టుంది. తాటాకు మీద గంటం గీసిన గీత మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. మనకు పాతదనం వేరే చోట్ల ఉంది: 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ల వారి ప్రచురణల అచ్చులో, 1950ల సినిమా టైటిల్ కార్డుల మీద చేత్తో గీసిన అక్షరాల్లో, బాపు రాతలో. తలకట్టుకు ఇంగ్లిషు పాదాలు అతికించిన తెలుగు అక్షరాలు కొన్ని చూశాను. అరువు కోటు తొడుక్కున్నట్టుంటాయి, చదవడానికి కూడా కష్టం. నాకు తెలిసిన బోర్డు పెయింటర్ ఒకాయన చేత ఆవకాయ అన్న నాలుగు అక్షరాలూ కుంచెతో రాయించాను. అంత వీలు లేనివాళ్లకు సిలికాన్ ఆంధ్ర ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లున్నాయి. పెద్దన, రామరాజ, సూరన్న, ధూర్జటి లాంటివి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి వ్యాపారానికీ వాడుకోవచ్చు. నెట్‌లో ఉచితం అని దొరికే వింటేజ్ ఫాంట్లలో చాలావాటికి సొంత వాడకానికి మాత్రమే అనుమతి ఉంటుంది. సీసా మీద వేసి అమ్మితే అది సొంత వాడకం కాదు. ఫాంటుతో పాటు వచ్చే లైసెన్స్ కాగితం చదవండి. ఆ అక్షరాన్ని గీసినవాడిదీ మనలాంటి చేతిపనే.

ఇంగ్లిషు పేరుకు కూపర్ జాతి మెత్తని అక్షరం తీసుకున్నాను, పెద్ద అక్షరాల్లో. అప్పుడొచ్చింది అసలు పరీక్ష. ఆవకాయ అంటే ఏ, వీ, ఏ, కే, ఏ, వై, ఏ. ఇంగ్లిషు అక్షరాల్లో ఇంత ఏటవాలు గీతలున్న మాట చాలా అరుదుగా తగులుతుంది. ఏ పక్కన వీ పెడితే రెండు ఏటవాలులూ ఒకే దిక్కుకు ఒరిగి, ఒకదాని ఒళ్లో ఒకటి కూర్చుంటాయి. ఏ పక్కన వై కూడా అంతే. కానీ ఏ పక్కన కే పెట్టగానే ఏ పాదమూ, కే నిలువుగీత పాదమూ నేల దగ్గర తాకుతాయి, పైన మాత్రం ముక్కోణపు ఖాళీ మిగులుతుంది. కే తర్వాత ఏ వచ్చే చోటూ కాళ్లు కాళ్లు తగులుకుంటాయి. ఆ ఖాళీని తగ్గించే దారే లేదు. కంప్యూటర్‌ను దాని మానాన వదిలేస్తే ఏవీఏ ఒక ముద్ద, మధ్యలో కే ఒంటరి, ఏవైఏ ఇంకో ముద్ద. మూడు మాటల్లా కనిపిస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు కే చుట్టూ ఉన్న ఖాళీతో కుస్తీ పడతారు. చేయాల్సింది దానికి ఎదురు. తగ్గించడానికి వీల్లేని ఖాళీ ఏదో దాన్నే కొలతగా పెట్టుకుని, మిగతా అక్షరాలను దానికి తగ్గట్టు దూరం జరపాలి. ఏకూ వీకీ మధ్య కొంచెం గాలి, వైకీ ఏకూ మధ్య కొంచెం గాలి. తర్వాత కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చూడాలి. అప్పుడు మాట చదవబడదు, ఖాళీలే కనిపిస్తాయి. ఆ ఖాళీల్లో ఇసుక పోస్తే అన్నిట్లో ఇంచుమించు ఒకే కొలత పట్టాలి. ఆ ఏడు అక్షరాలకు నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఒక్క తీగ గీయలేదు, ఒక్క పువ్వు పెట్టలేదు, అయినా లేబుల్ అప్పుడే లేబులైంది.

మిగతా అంతా సాదా అక్షరం. తూకం, ఎంఆర్‌పీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, తయారీ తేదీ అన్నీ పాదాల్లేని మామూలు ఫాంట్‌లో పెట్టాను. నగ ఒక్క మాటకే. పెళ్లికూతురి పక్కన తోడు పెళ్లికూతుళ్లందరికీ వడ్డాణాలు పెడితే పెళ్లికూతురెవరో తెలియదు. మొదటిసారి నేను చేసింది అదే.

అంకెల దగ్గర ఒక మాట. ప్లేఫెయిర్ డిస్‌ప్లే అని 2011లో వచ్చిన ఉచిత ఫాంట్ మన ప్రాంతంలో ఇంగ్లిషు పెళ్లికార్డుల మీద విరివిగా కనిపిస్తుంది, మంచి ఫాంట్. అందులో అంకెలు మామూలుగా పాత పద్ధతిలో వస్తాయి. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది గీత కిందికి దిగుతాయి, ఆరు, ఎనిమిది పైకి లేస్తాయి. వాక్యం మధ్యలో అది సొగసు. పది అంకెల ఫోన్ నంబరు బోర్డు మీద వేస్తే పళ్లు ఊడిన దువ్వెనలా ఉంటుంది. ఫాంట్ మార్చనక్కర్లేదు, ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో లైనింగ్ ఫిగర్స్ ఎంచుకుంటే అన్నీ ఒకే ఎత్తుకొస్తాయి. అలాగే రూపాయి గుర్తు. అది 2010లో వచ్చింది, అంతకుముందు చేసిన ఫాంట్లలో, తర్వాత చేర్చితే తప్ప, ఉండదు. డబ్బు పెట్టి ఫాంట్ కొనేముందు ఆ ఒక్క గుర్తు కొట్టి చూసుకోండి.

బోర్డు అయితే దూరం లెక్కేసుకోవాలి. అక్షరం ఎత్తు అంగుళం ఉంటే పది అడుగుల నుంచి హాయిగా చదవొచ్చన్నది బోర్డుల పనిలో చెప్పుకునే మోటు లెక్క. అలంకారం ఎక్కువయ్యేకొద్దీ ఆ దూరం తగ్గించుకోవాలి. ఇంగ్లిషూ తెలుగూ పక్కపక్కన పెట్టేటప్పుడు పాయింట్ల సంఖ్య సమానం చేసి ఊరుకోకండి, మన ఒత్తులకూ గుడులకూ పైనా కిందా చోటు కావాలి. అక్షరం పొట్ట ఎత్తును, గీత మందాన్ని కంటితో పోల్చి సరిచేయాలి.

రెండో ప్రూఫ్ సీసాకు అంటించే ఇచ్చాను ఆవిడకు. అరమీద మిగతా సీసాల పక్కన పెట్టి, గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ దగ్గరికొచ్చి తెలుగు అక్షరాల మీద వేలితో రాసింది. బాగుందని గానీ బాలేదని గానీ అనలేదు. "గోంగూరది ఎప్పుడిస్తావు బాబూ?" అంది.

ఇంటికొచ్చి గోంగూర అని ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో కొట్టాను. జీ, ఓ, ఎన్, జీ, యూ, ఆర్, ఏ. గుండ్రటివి మూడున్నాయి, వాటితో పేచీ లేదు. చివర ఆర్ తన్నిన కాలూ, ఏ కాలూ నేల దగ్గర తగులుకుంటున్నాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టాను.